ఇంక్యుబేటర్‌లో గిన్నె

అది 1987 డిసెంబరు. విశాఖపట్నంలోని ఒక పరిశోధనశాలలో, తలుపు తెరిచిన ఇంక్యుబేటర్ ముందు మేడమ్, అటెండరు ఎదురెదురుగా నిలబడి ఉన్నారు.

“ఈ స్టీలు గిన్నె ఇందులో ఎవరు పెట్టారు?”

“నానేనమ్మా. పాలు తోడెట్టినాను.”

“పాలా! కణాలు పెంచే పెట్టెలోనా? కొత్త జన్యువు ఎక్కించి, దాన్ని నిలుపుకున్న కణాలనే ఏరి ఏడాదిగా సాకుతున్నాను. మందులన్నీ వాటి మీదే పరీక్షించాలి. ఇప్పుడు చూడు, ప్రతి సీసాలోనూ బూజే!”

“మూతెట్టే ఉంచినానమ్మా.”

“నోర్ముయ్! చేతులు స్పిరిట్‌తో తుడుచుకోనిదే నేనే ఈ తలుపు ముట్టను. తోడుపెట్టుకోవడానికి నీకు ఇల్లు లేదా?”

“సలికాలం కదమ్మా. మల్కాపురంలో మా ఇంటికాడ పాలు తోడుకోవు. ఈ పెట్టెలో ఎప్పుడూ ఎచ్చగుంటాది.”

“నీ పెరుగు కోసం నా ఏడాది కష్టం బూడిదపాలు చేశావు! రేపటి నుంచి ఈ గడప తొక్కకు.”

“నా పెరుగేటమ్మా? నాకు మజ్జిగ సుక్క కూడా పడదు. కేంటీన్ పెరుగు నీళ్లలాగుందని పోయిన నెల నా ముందే పారబోసినారు మీరు. ఆ మర్నాటి నుంచి రోజూ గడ్డపెరుగు తింతన్నారు. ఎక్కడిదిరా అని ఒక్కనాడైనా అడిగినారా?”

మేడమ్ గిన్నె మూత తీసి చూసింది.

“బోయనం యేళయిందమ్మా. పెరుగు బాగా తోడుకుంది. వడ్డించమంటారా, పారబొయ్యమంటారా?”