కుట్టులో వదిలిన గుడ్డ

ఆసుపత్రి నుంచి రాగానే వదిన కుట్టుమిషను ముందు కూర్చుంది. ఆడపడుచు పక్కనే స్టూలు లాక్కుంది.

"నాలుగో స్టేజీ అంటే ఏంటి వదినా?"

"రొమ్ములో మొదలైంది ఎముకల్లోకి పాకిందట. పూర్తిగా పోదట, మందులతో అణిచి ఉంచుతారట."

"మరి... ఎన్నాళ్ళన్నారు?"

"సగటున కొన్నేళ్ళట. కొందరు అంతకంటే చాలా ఎక్కువే ఉంటారట."

"నువ్వూ ఆ సగటేనా?"

"సగటు కొలతతో కుట్టిన జాకెట్టు నా షాపులో ఎవరికైనా సరిపోయిందటే?"

"నవ్వించకు, ఏడుపొస్తోంది. ఇంతకీ నువ్వు కుడుతున్న ఆ జాకెట్టెవరిది?"

"నాదే."

"ఇంత చిక్కిపోయావు, కుట్టు లోపల అంత గుడ్డ వదిలావెందుకు?"

"ఎప్పటికైనా నీ అంత లావవుతాను కదే, అప్పుడు విప్పుకోవద్దూ?"