పెంటయ్య కేకని అణిచేసిన మైకుపెట్టె

కాసులమ్మత్త అంట, పగలు ఇసకలో చేపలు ఆరబెట్టుకునేది, పెళ్లిళ్లొస్తే మైకుపెట్టెలు పెట్టేది. గొంతేమో సన్నం, పక్కనున్న పిల్లికి కూడా వినపడదనుకో. ఆ ఇసక మీదే పేట ఆడోళ్లందరి బతుకూ. ఏమైందంటే, పడవల పెంటయ్యకి సరిగ్గా అక్కడే ఐసు ఫ్యాక్టరీ కట్టాలని బుద్ధి పుట్టింది. సభ పెట్టించాడు. మన పేట సభ సంగతి మీకు తెలుసుగా, ఎవడి కేక పెద్దదైతే వాడిదే తీర్పు. పెంటయ్య కేకేస్తే సముద్రంలోకి పోయిన పడవ కూడా వెనక్కి తిరుగుద్ది. నవ్వకండర్రా, నిజం!

మిట్టమధ్యాహ్నం, నెత్తిన ఎండ. సభకి మైకుపెట్టె పెట్టింది కాసులమ్మత్తే. పెంటయ్య ఆ మైకే అందుకుని, మూతికి ఆనించుకుని, "ఈ జాగా నాకియ్యాలా!" అని అరిచాడంట. అరిస్తే పెట్టె మీద ఎర్రదీపం టక్కున వెలిగింది, అంత కేకా నలిగిపోయి మామూలు మాటలా బయటికొచ్చింది. ఇంకా గట్టిగా అరిచాడు. ఇంకా నలిగింది. "ఏమే కాసులూ, నా గొంతు తొక్కేస్తున్నావా?" అంటే, అత్త రెండు చేతులూ పైకెత్తి చూపించి, నేను ముట్టుకోలేదు బావా, మోత మితిమీరితే లోపల కాలిపోకుండా పెట్టె తనే అణిచేస్తది, దానికి నువ్వైనా ఒకటే పెళ్లి డప్పైనా ఒకటే అందంట. "అయితే ఆ అణిచేదాన్ని పీకెయ్!" "పీకను. పెట్టె నాది." అంతే అనుకో, చేపల చేతులతోనే ఆడోళ్లంతా వచ్చి ఆవిడ వెనకాల నిలబడ్డారు.

పెంటయ్య ఊరుకుంటాడా? తనే వాల్యూం ఆఖరిదాకా తిప్పేశాడు. అరిచాడు, అరిచాడు, అరిచాడు. ఆ ఎండకీ ఆ అరుపుకీ పెట్టె కాగిపోయి, ఇక నావల్ల కాదన్నట్టు నోరు మూసేసింది. సరే, ఉత్త గొంతుతోనే అరుద్దామని చూస్తే, ఏముందక్కడ? బొంగురు! పెట్టె చల్లారి మళ్లీ పలికేసరికి అత్త వాల్యూం పెట్టె ఓర్చుకునేంతకి తగ్గించి మైకు అందుకుంది. "ఈ ఇసక మాది. ఇవ్వం" అంది. సన్నగానే అంది. పేట చివరింట్లో మంచానున్న ముసలమ్మ కూడా విని "ఇవ్వం!" అందంట. ఇంక ఆడోళ్లంతా ఇవ్వం, ఇవ్వం, ఇవ్వం. అందులో పెంటయ్య పెళ్లాం కూడా ఉంది, మీరెవరూ ఆయనకి చెప్పకండి.

ఇసకలో ఇప్పటికీ చేపలే ఎండుతున్నాయి, ముక్కు మూసుకుని పోయి చూసుకోండి. అత్త మర్నాడు పెంటయ్యకి మిరియాల కషాయం పంపిందంట. తొందరగా గొంతు బాగుచేసుకుని రా బావా, నువ్వు మళ్లీ అడిగితేనే కదా మేం మళ్లీ "ఇవ్వం" అనేది, అని.