బుడిపెలో పురుగు

ఎనభై మూడో సంవత్సరం, వానాకాలం. వరంగల్ స్టేషన్ బయట రాజక్క గంప పెట్టుకుంది. గుట్టల మీది పొదల్లో, పురుగు చేరి కాడ ఉబ్బిన చోట బుడిపెలు కోసుకొచ్చి, నల్లదారం కట్టి, జ్వరం తాయెత్తులని అమ్ముతుంది. సమ్మమ్మ వచ్చి ఆమె ఎదురుగా కూర్చుంది.

"ఇగో రాజక్కా, నువ్విచ్చిన దానికి బొక్క పడ్డది."

"ఏదీ, చూడనీ... అగో! పురుగుకు రెక్కలొచ్చి ఎగిరిపోయింది. చెప్పిన్నా లేదా? అది ఎగిరినంక జెరం నిలుస్తదా?"

"ఎగిరింది. నేను చూసిన. బూడిదరంగుది, గోరంత గూడ లేదు."

"గదే, గదే! ఇగ ఫికర్ లేదు చెల్లె. నీ కొడుకు మొగిలి తింటాండా?"

"ఎప్పుడు ఎగిరిందని అడుగవా?"

"ఎప్పుడైతేంది, ఎగిరిందా లేదా..."

"బొంద పెట్టేముందు నీళ్లు పోస్తాంటే ఎగిరింది, అక్కా. దండచేతి దారం ఎవలూ ఇప్పలే. పోసేటోళ్లు జర ఆగి చూసిన్రు."

"అయ్యో... మొగిలా? అయ్యో సమ్మమ్మా, ఏడువకే..."

"నేను ఏడుస్తలేను. నువ్వెందుకు ఏడుస్తానవ్?"

"నన్నేం చేయమంటవ్! గోలీలు గిట్ల మింగిచ్చినవా? మింగిస్తే లోపలి పురుగు సస్తదని చెప్పిన కదా."

"ఒక్కటి మింగియ్యలే. నీ మాటే విన్న."

"మరి దేవుని రాత."

"దేవుని రాతనా? నీ మనుమనికి జెరమొస్తే పెద్ద దవాఖానల పండవెట్టినవట?"

"ఎవలు చెప్పిన్రు? అది... అది వేరే జెరం."

"వేరేనా?"

"మా కోడలు వరలక్ష్మి భయపడ్డది. డాక్టరు సెలైన్ ఎక్కిస్తాండు. ఇగ ఆ ముచ్చటెందుకు..."

"గంపల గిన్ని ఉండంగ, వానికి ఒక్కటి కట్టలే?"

"కట్టలే."

"ఎందుకు?"

"ఎందుకంటే ఏం చెప్పాలె! నాకున్నది వాడొక్కడు!"

"నాకు ఇద్దరా?"

"సమ్మమ్మా, నీ కాళ్లు మొక్కుత..."

"పొద్దుగాల దవాఖానకు పోయిన. నీ కోడలు అడిగింది, మీ మొగిలికి తగ్గిందా వదినా అని. మంచిగైండు, బడికి పోతాండు అన్న."

"అబద్ధమెందుకు చెప్పినవే?"

"పాపం, శాన ఏడ్చింది. ఊరందరికి కట్టే మా అత్త, నా కొడుక్కు ఒక్కటి కట్టలేదు, వాడంటే ఆమెకు పట్టది అన్నది. నేను కొన్నయి రెండు కదా. మిగిలింది ఇచ్చిన."

"ఇచ్చి? ఇచ్చి ఏం చెప్పినవ్? సమ్మమ్మా! మందుల సంగతి ఏం చెప్పినవే?"

"నువ్వు నాకు చెప్పిందే."

"అయ్యో! జరుగు, ఆ గంప సంగతి విడువు, నేను దవాఖానకు పోవాలె..."

"ఉరుకకు అక్కా. నీ కోడలు పోరని సూది పీకేసి, వాళ్ల అమ్మగారింటికి ఎత్తుకపోయింది. నెక్కొండ బండి ఎప్పుడో వెళ్లిపాయె. నేనే ఎక్కిచ్చిన."