మా పొలం నీళ్ళ కేకు

ఇందుకూరుపేటలో ఆ అక్కాతమ్ముళ్ళ ఇంటి వంటగది ఓవెన్ సెగకు ఉడికిపోతోంది. తమ్ముడు గిన్నె అంచుకు అంటిన కేకు పిండిని వేలితో తీసి నాకి, మరుక్షణం తుపుక్కున ఉమ్మేశాడు.

"ఏందక్కా ఇంత ఉప్పుగా ఉండాది! చక్కెరనుకోని ఉప్పు పోసినావా?"

"చక్కెర సరిగానే పోసినా. నీళ్ళే మన పొలం బోరువి."

"పక్కన రొయ్యల గుంట తవ్వినకాడి నుంచి ఆ నీళ్ళు గొడ్లు గూడా ముట్టడంలా గదా!"

"నాయన ఆ నీళ్ళతోనే గదరా మనకి కేకు చేసిపెట్టింది! కోతలప్పుడు గట్టు మీద కుండలో ఇసక పోసి, ఊక మంట మీద..."

"అప్పుడు కొబ్బరినీళ్ళ మాదిరి ఉండేవి. పైరు మాడిపోయిన దిగులుతోనే పోయినాడు నాయన. ఇంతకీ ఈ కేకు ఎవురికి?"

"చెంగయ్య మామకి. రొయ్యలు బాగా పడినాయని రేపు విందంట."

"ఆ గుంట తవ్విందే ఆయన! అందరి ముందరా నిన్ను తిట్టిపోస్తాడే!"

"తిట్టనీ. గుంట తవ్వినాక గూడా మన బోరు నీళ్ళు తియ్యగానే ఉండాయని నాయన ముందర గుళ్ళో కర్పూరం ఆర్పి ప్రమాణం చేసినాడా లేదా?"

"చేసినాడు. ఊరంతా చూసింది."

"రేపు ఆ ఊరంతా ఆడే ఉంటది. ఏ నీళ్ళతో చేసినానో గట్టిగా చెప్పి, మొదటి ముక్క నేనే ఆయన నోట్లో పెడతా. ఉప్పుగా ఉండాదని అననీ, చూస్తా."

"అనకపోతే?"

అక్క ఓవెన్ తలుపు మూసింది.

"ఇంకో ముక్క పెడతా."