కాగితం మీద అరిగిన ఇల్లు

"మూడు స్పూన్లు తాగాను కదా, చాల్లే వనెటా. తీసెయ్."

"రెండే తాగావు. లెక్కల్లో నువ్వు మొనగాడివనుకున్నానే డెల్బర్ట్!"

ఇండియానాలోని మన్సీ ఊళ్లో, వంటింట్లోనే ఓ మూల వేసిన ఆసుపత్రి మంచం మీద డెల్బర్ట్ రౌష్, చేతిలో సూప్ గిన్నెతో అతని భార్య వనెటా. నలభై ఆరేళ్ల కాపురంలో అతను ఆమె మాట విన్న రోజులు వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. ఇవాళా అంతే.

"సరే, రెండు. ఆ కంపెనీవాళ్లు ఫోన్ చేశారా? వాల్నట్ వీధిలో మన అద్దె ఇల్లు కొంటామన్నవాళ్లు?"

"ముందు మాత్ర వేసుకో."

"చేశారా లేదా?"

"చేశారు. లక్షా తొంభై వేల డాలర్లిస్తామన్న మాట మే ఆఖరు దాకానేనట. ఆ తర్వాత వాళ్లకి పూచీ లేదట."

"అంటే ఇంకా పంతొమ్మిది రోజులు. చాలు."

"దేనికి చాలు?"

"ఏం లేదు. చాలు అన్నానంతే. కాస్త ఆగమను వాళ్లని. ఇప్పుడే అమ్మకు."

"ఎందుకమ్మకూడదు? చెప్పు, మళ్లీ విందాం."

"వందసార్లు చెప్పా. అద్దెకివ్వడానికని ఆ ఇల్లు నలభై రెండు వేలకి కొన్నాం. ఏటా మార్చిలో ఈ బల్ల దగ్గర కూర్చుని ఏం చేసేవాళ్లం?"

"నువ్వు బూట్ల డబ్బా బోర్లించేవాడివి. నేను రసీదులు ఏరేదాన్ని. హీటరు బాగుచేసినందుకు ఇంత, చూరు గొట్టాలకి ఇంత."

"ఆ తర్వాత?"

"ఆ తర్వాత ఈ ఏడాది ఇల్లు ఇంత అరిగిపోయిందని రాసేవాడివి. అద్దె డబ్బులో అంత మేరకి పన్ను ఉండేది కాదు. పొద్దున వెళ్లి గోడలకి కొత్త రంగు వేసొచ్చి, మధ్యాహ్నం అరిగిపోయిందని రాసేవాడివి. సిగ్గులేదూ?"

"చట్టమే రాసుకోమంది, నాకెందుకు సిగ్గు? ఇరవై ఏడున్నరేళ్లు రాశా. కాగితం మీద ఆ ఇల్లు పూర్తిగా అరిగిపోయింది. ఇప్పుడు నేను బతికుండగా అమ్మితే ఆ మినహాయింపులన్నీ గుర్తుపెట్టుకుని పన్ను వేస్తారు. పెరిగిన ధర మీద ఇంకో పన్ను. అంతా కలిపి నలభై వేల దాకా పోతుంది. ఇల్లు నా ఒక్కడి పేరునే ఉంది. అదే నేను..."

"నువ్వు?"

"నేను పోయాక నీకొస్తే, ఆ రోజు ధరే నువ్వు కొన్న ధర కింద లెక్క. పాతదంతా మాఫీ. వెంటనే అమ్ముకున్నా ఒక్క సెంటు కట్టక్కర్లేదు."

"ఎంత హుషారుగా చెబుతున్నావో! చేపలు పట్టడానికి బయల్దేరేవాడిలా."

"నలభై వేలంటే మాటలా? మనింటి పైకప్పు వేయించుకోవచ్చు. చలికాలాలు భయం లేకుండా..."

"అందుకేనా తిండి మానేశావు?"

"ఆకలి లేదు."

"నిన్న నీకిష్టమని కోడి నూడుల్స్ చేసి బంగాళదుంప ముద్ద మీద పోసిస్తే ఆకలి లేదు. మొన్న మీగడ నింపిన తీపి రొట్టె కాల్చిపెడితే ఆకలి లేదు. సరే. మరి ఇదేంటి?"

"ఏది?"

"నీ దిండు గలీబులో దొరికినవి. పద్నాలుగు మాత్రలు. వారం నుంచి నాలుక కింద పెట్టుకుని, నేనటు తిరగ్గానే ఇందులో దాస్తున్నావు. బళ్లో పిల్లాడివా?"

"వనెటా..."

"గుండె మాత్రలు డెల్బర్ట్! ఇవి మానేస్తే ఏమవుతుందో డాక్టరు నీ మొహం మీదే చెప్పాడు."

"ఇంకో మాట కూడా చెప్పాడులే. వేసుకున్నా సెప్టెంబరు దాటనని. నీకు చెప్పొద్దన్నాను."

"నాకూ చెప్పాడు."

"ఎప్పుడు?"

"ఫిబ్రవరిలో. నాకు తెలిసినట్టు నీకు చెప్పొద్దన్నాను."

"మరి తెలిసీ ఈ మాత్రల గోలేంటే? సెప్టెంబరైతేనేం, మే అయితేనేం? మే అయితే వాళ్లిచ్చే ధరా దక్కుతుంది, నలభై వేలూ మిగులుతాయి. లేకపోతే ఏముంది? ఇంకో నాలుగు నెలలు నన్ను ఎత్తి కూర్చోబెడతావు, తుడుస్తావు, తిట్టుకుంటావు. అంతేగా?"

"అంతే. నాక్కావలసింది అదే."

"పిచ్చిదానిలా మాట్లాడకు. ఆ ఇల్లు కాగితం మీద అరిగింది. నిజంగా అరిగింది నేను. ఇంక ఎన్ని రంగులు వేసినా నిలవను."

"ఏడిపించకు ముసలోడా."

"ఏయ్. ఇటు చూడు. ఏడవకు. లేచి నీకు గ్లాసుడు నీళ్లు కూడా తెచ్చివ్వలేను. నీకోసం నేను చేయగలిగింది ఇదొక్కటే మిగిలింది. చేయనీ."

"పొద్దున తలుపు చప్పుడు వినిపించిందా నీకు?"

"వినిపించింది. మందుల షాపుకన్నావు. అయితే?"

"అబద్ధం. జనవరిలో ఆపరేషన్‌కి ముందు, నీ బదులు నేను సంతకాలు పెట్టొచ్చని కాగితం రాసిచ్చావు, గుర్తుందా?"

"ఉంది. అదిప్పుడెందుకు... వనెటా. వనెటా, ఏం చేశావే?"

"రెండు వారాలుగా నీకు తెలియకుండా ఆ కంపెనీతో మాట్లాడుతున్నాను. ఇందాక చెప్పిన గడువు మాట పాతది. ఇవాళ ఆఖరి సంతకం అయిపోయింది. తాళాలు కూడా ఇచ్చేశాను."

"నలభై వేలు! నలభై వేలు బుగ్గిపాలు చేశావు కదే! ఇంకో పంతొమ్మిది రోజులు ఆగలేకపోయావా?"

"అందుకే ఆగలేదు. ఇప్పుడు నువ్వు పోతే నాకు ఒక్క డాలరు కలిసిరాదు. నోరు తెరువు, సూప్ చల్లారిపోతోంది."