కోచ్ సారు గెలుపు లెక్క

ఆదివారం చర్చి నుంచి వచ్చాక, కాజీపేటలోని తమ ఇంటి వరండాలో కూర్చుని, హనుమకొండలో ఒక కాలేజీ ఫుట్‌బాల్ కోచ్ శామ్యూల్ మరునాటి సన్మానసభలో చెప్పబోయే మాటలు భార్యకు వినిపిస్తున్నాడు. హెప్సిబా పుంటికూర తెంపుతోంది.

"...కాబట్టి, కోచ్ అనేటోడు ఆట ఒక్కటే నేర్పితే గెలవడు. పిలగాన్ని వాళ్ళ ఇంట్లకెల్లి గెలుచుకొని రావాలె. ఎట్లుంది, హెప్సీ?"

"గెలుచుకొని అనకు. అడిగి తెచ్చుకోవాలె అను."

"రెండూ ఒకటే గదా."

"మా నాయిన మిర్చి దుకాణంల అవి రెండు వేరేనే ఉండె. సరే, చెప్పు."

"సీజన్‌కు ముందల నేను ప్రతి పిలగాని ఇంటికి పోత. వాళ్ళ తల్లి వండింది తింట. 'అమ్మా, ఇప్పటిసంది నీ కొడుకు నా కొడుకు' అంట. తల్లి చేతి బువ్వ తిన్నోని మాట ఏ పిలగాడు కాదనడు. గదే నా సక్సెస్. ఇక్కడ చప్పట్లు పడ్తయి చూడు."

"పోత, తింట, అంట. నేనెక్కడున్న అండ్ల?"

"నువ్వు బండెనక కూసుంటివి గదా."

"కూసుంటి. నువ్వు బయట మంచంల తండ్రితోని ఆట ముచ్చట పెడ్తె, నేను పొయ్యికాడ తల్లితోని కూసుంటి. కాలు విరిగితే ఎవరు చూస్తరు మేడం, సదువు ఆగితే ఎట్ల మేడం అని వాళ్ళు అడిగింది నన్ను."

"సరే తియ్యి, నీ పేరు గూడ చెప్త. మా మేడం సహకారంతోని అని."

"వద్దు. నా పేరు వద్దు."

"గమ్మతు మనిషివి. లేదంటే అడుగుతవ్, చెప్తనంటే వద్దంటవ్. అసలు ఏం చెప్తే ఏం లాభం. రేపు శాలువ కప్పుతరు, ఎల్లుండి గ్రౌండుకు పోతే టీమ్ ఉండది. ఐదుగురు, హెప్సీ. మంచి మంచోళ్ళు ఐదుగురు టీసీలు తీసుకొని వేరే కాలేజీలల్ల చేరిర్రు. ఒక్కడు నా ఫోన్ ఎత్తుత లేడు."

"తల్లులకు చెయ్యకపోయినవా?"

"చేసిన. ఒకామె 'మా ఇష్టం సారూ' అన్నది. ఇంకొకామె నా గొంతు ఇని కట్ చేసింది. పోయినేడు నాటుకోడి కోసి, కొసరి కొసరి పెట్టిన మనిషి. ఎవడో పోయి చెవులల్ల పోసిండు. ఎవడో ఏంది, భానుచందరే."

"భాను ఎందుకు చెప్తడు? నీ దగ్గర ఆడిండు, నీ దగ్గరనే అసిస్టెంట్ అయిండు."

"అందుకే అంటున్న. ఇంటి దారులు ఎరికైనోడే కన్నం పెడ్తడు. హెడ్ కోచ్ కావాలె వానికి. నేను రిటైరయ్యేదాక ఆగలేకపోతాండు."

"ఆ పిలగాండ్లు పోయింది భాను దగ్గరికి కాదు గదా. లాభం లేని బేరం ఎవడు చేస్తడు?"

"నన్ను పడగొడ్తె గదే వానికి లాభం. నువ్వు జర వాని దిక్కు మాట్లాడుడు బంద్ చెయ్యి."

"కొమురెల్లి ఎట్లున్నడు?"

"ఏ కొమురెల్లి?"

"ఎంతమంది ఉన్నరు నీకు? మన గోల్‌కీపర్. తొర్రూరు దిక్కు సమ్మమ్మ కొడుకు."

"బాగనే ఉన్నడంట. నడుస్తాండంట."

"నడుస్తాండు. కుంటుకుంట. రైల్వేల స్పోర్ట్స్ కోటా అని ఆశ పెట్టినవ్ వానికి. ఫైనల్ల దెబ్బ తగిలినంక ఒక్కసారన్న పోయి చూసినవా?"

"పోదాం. ఈ సన్మానం గొడవ అయిపోనీ. ఆటల దెబ్బలు తగుల్తయి, హెప్సీ. ఫైనల్ల ఆ పెనాల్టీ వాడు ఆపకుంటే రేపు శాలువనే లేదు. వాని పేరు స్టేజి మీద చెప్త."

"ఏమని చెప్తవ్?"

"ధైర్యవంతుడు అని. ఇంకేమని?"

"ఫైనల్ ముందురోజు సమ్మమ్మ నాకు ఫోన్ చేసింది. మోకాలు ఉబ్బింది, పిలగాడు ఆడొచ్చా మేడం అని. ఫోన్ పట్టుకొనే నిన్ను అడిగిన. యాదికున్నదా?"

"ఉన్నది. అయితే ఏంది?"

"డాక్టర్ ఆడొచ్చన్నడు, చెప్పు అన్నవ్. నేను చెప్పిన."

"డాక్టర్లు అందరు ఒకటే తీరు చెప్తరా? ఒకడు వద్దంటడు, ఒకడు..."

"ఆడొచ్చన్న డాక్టర్ ఎవరు?"

"అయిపోయిన ముచ్చట ఇప్పుడెందుకు?"

"ఎవరు?"

"రెండో కీపర్ లేకపాయె నాకు. టీమ్‌ను చూసుకోవాలెనా వద్దా? వాడు గూడ ఆడుత సార్ అన్నడు."

"వాడు అట్లనే అంటడు. వాని ఇంట్ల బువ్వ తినొచ్చిన సార్‌వి. నీకు కాదని ఎట్ల చెప్తడు?"

"గెలిచినం గదా, హెప్సీ. కాలేజీ పేరు నిలబడ్డది గదా."

"తడిసిన మిర్చి అడుగున పోసి, ఎండిన మిర్చి మీద పోసి బస్తా అమ్మినోడు గూడ ఆ ఏడు గెలుస్తడు. రెండో ఏడు వాని దుకాణం ముంగటికెల్లి బండి పోతది గని ఆగది."

"నన్ను తెచ్చి దొంగ యాపారిని చేసినవ్. బయట ఒకడు ఎన్నుపోటు పొడిచె, ఇంట్ల నువ్వు."

"నెల కింద కొమురెల్లిని నేను దవాఖానకు తోలుకపోయిన. నువ్వు చూపిచ్చిన డాక్టర్ దగ్గరికే."

"నాకు చెప్పలే నువ్వు."

"నువ్వే చెప్తవేమోనని నెల చూసిన. ఆ డాక్టర్ నన్ను చూసి, 'మూడు వారాలు గ్రౌండుల అడుగు పెట్టొద్దని మీ సారుకు చెప్పిన గదమ్మా, ఎట్ల ఆడిపిచ్చిర్రు' అన్నడు. సమ్మమ్మ నా పక్కనే ఉన్నది."

"ఏమన్నది?"

"అప్పటిదాక నా చెయ్యి పట్టుకొని ఉండె. ఇడిచిపెట్టింది."

"...గదీ సంగతి. ఇప్పుడు సమజైంది నాకు. భాను గాడు ఈ ముచ్చట పట్టుకొనే ఇల్లిల్లు తిరిగిండు. ఆ ఫోన్ ఇటియ్యి."

"ఎవరికి?"

"ప్రిన్సిపాల్ సార్‌కు. రేపు సభ కాకముందే వాడు కాలేజీల ఉండొద్దు."

"వాని భార్యకు ఇది కాన్పు నెల, ఇప్పుడు కొలువు తీస్తవా?"

"నా టీమ్‌ను పీకినప్పుడు వానికి యాదికి రాలేదా? హలో, సార్, నమస్తే. శామ్యూల్‌ను. ఆ, రేపటికి అంత రెడీ సార్. వేరే విషయం. మన భానుచందర్ ఉన్నడు గదా సార్, వాడు..."

"ఫోన్ పెట్టు."

"ఒక్క నిమిషం సార్. ఏంది, హెప్సీ?"

"భాను ఏ గడప తొక్కలే. ఆ తల్లులకు 'మీ పిలగాండ్లకు ఏం కాదు' అని మాట ఇచ్చింది నేను. ఐదు ఇండ్లకు పోయి, 'ఇగ నా మాట మీద పంపకుర్రి' అని చెప్పొచ్చింది గూడ నేనే."