వకీలు సారు బీరువాలు

తిరుమలగిరిలో, చనిపోయిన ఎమ్మెల్యే సంస్మరణ సభ ముగిసింది. ఆయన దానమిచ్చిన లైబ్రరీ మెట్ల మీద ఒక ముసలామె ఆయన పాత గుమాస్తాను ఆపింది.

"సారు వకీలుగ ఉన్నప్పుడు మా భూమి కేసు గెలిపిచ్చిండు, యాదికున్నదా?"

"ఎందుకు లేదమ్మా! ఫీజు సుత తీసుకోలే."

"గందుకే పట్టా కాగితం సారు తాననే ఉంచిన. మా ఇంట్ల చెదలు. ఇప్పుడు కంప్యూటర్ల మా భూమి వేరేటోళ్ల పేరు మీద ఉన్నది. అసలు కాగితం తెమ్మంటున్నరు. జర ఎతికియ్యి."

"సారు ఆఫీసునే ఈ లైబ్రరీ చేసినం గదమ్మా."

"మంచిగ చేసిన్రు. నా మనుమరాలు ఈడనే చదివి నౌకరి కొట్టింది. ఫైళ్లు యాడ పెట్టిన్రు?"

"బీరువాలల్ల పుస్తకాలు పెట్టాలె. జాగ సాలలే."

"యాడ పెట్టిన్రయ్యా?"

"ఎనుక పెరట్ల కాలబెట్టిన. ఎవరి కాగితాలు వాళ్లకిచ్చినవా అని సారు అడిగిండు. ఇచ్చిన అని అబద్ధం చెప్పిన."

"రేపు నాతోని తహసీల్దార్ ఆఫీసుకు రా. గీ మాటనే ఆడ చెప్పు."

"సారుకు మచ్చ అయితదమ్మా. వచ్చే నెల ఈడ విగ్రహం పెడ్తున్నరు."

"దానికి జాగ దొరికిందా?"